లైనుకు ఎంత, గంటకు ఎంత: మన సంపాదన మీద ప్రపంచ మార్కెట్, యంత్రం చూపే ప్రభావాన్ని మనమే లెక్కగట్టే పద్ధతి

మా నాన్న చీరాల పక్కన జాండ్రపేటలో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆయన దగ్గర అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి ఉండేది. నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ చీరకు ఇంత అని ఒక వరసలో రాసుకునేవాడు. దాని పక్కన మరో వరస ఉండేది. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టిన రోజు, అచ్చు అతికిన రోజు, వానకు గుంటలోకి నీళ్లు వచ్చి మగ్గం ఎక్కలేని రోజులు, అమ్మ కండెలు చుట్టిన పూటలు అన్నీ అందులో ఉండేవి. నెలాఖరున చేతికి వచ్చిన డబ్బును ఆ రోజులన్నిటికీ పంచి చూసేవాడు. "చీర మజూరీ పెరిగిందని సంబరపడితే సరిపోదమ్మా, రోజుకు ఎంత పడిందో చూసుకోవాలి" అనేవాడు.

నేను మగ్గం ఎక్కలేదు. అమీర్‌పేటలో ఆరు నెలల శిక్షణ తీసుకుని 2001లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను. అమెరికా డాక్టర్లు రోగి గురించి ఫోనులో చెప్పి పెట్టిన మాటలను విని, పద్ధతిగా టైపు చేసి పంపే పని అది. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 6 గంటలకు డాక్టరు చెప్పడం ముగిస్తే మనకు తెల్లవారుజామున 3.30 అవుతుంది, చలికాలంలో 4.30. మేము పగలంతా టైపు చేస్తే వాళ్లు నిద్ర లేచేసరికి కాగితం సిద్ధం. ఆ గడియారాల తేడా మీదే నా ఉద్యోగం నిలబడింది. 14 ఏళ్లు ఆ పని చేశాను. 2015 నుంచి మెడికల్ కోడింగ్‌లో ఉన్నాను, అంటే రోగి కాగితాలు చదివి జబ్బుకు, చికిత్సకు సరిపోయే కోడ్లు వేసే పని. ఈ రెండు పనులనూ నాకు ప్రపంచీకరణే ఇచ్చింది. మొదటిదాన్ని యంత్రం తీసుకుపోయింది.

అది పోవడానికి చాలా ముందే నా ఆదాయం తరగడం మొదలైంది. నెల నెలా బ్యాంకులో పడే అంకె పెద్దగా మారకపోవడంతో ఆ సంగతి నాకు ఏళ్ల తరబడి తెలియలేదు. నాన్న పుస్తకం పద్ధతిని నా పనికి అన్వయించిన రోజున, ఒక ఆదివారం మధ్యాహ్నం, విషయమంతా రెండు పేజీల్లో బయటపడింది. ఆ రెండు పేజీలు ఎలా రాయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముక్కకు ఇంత, లైనుకు ఇంత, డెలివరీకి ఇంత అని పని చేసేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. నెల జీతం తీసుకునేవాళ్లూ చేసుకోవచ్చు. పాత జీతం చీటీలు, ఒక నోటుపుస్తకం, ఫోనులో ఉండే క్యాలిక్యులేటర్ చాలు.

పనిని విడి పనులుగా రాయండి

"నేను ట్రాన్స్‌క్రిప్షనిస్టును" అని రాస్తే లెక్క ముందుకు సాగదు. యంత్రం ఉద్యోగాన్ని మొత్తంగా తీసుకోదు, అందులోని ఒక పనిని తీసుకుంటుంది. అందుకని పొద్దున కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా చేతులు, కళ్లు, బుర్ర చేసే పనులను విడివిడిగా రాయండి. నా జాబితా ఇలా ఉండేది: కాలి కింద పెడల్ నొక్కుతూ వినడం, టైపు చేయడం, ఆసుపత్రి అడిగిన వరసలో అమర్చడం, మందు పేరు సరిచూడడం, డాక్టరు చెప్పినదానిలో పొసగని మాట పట్టుకోవడం, అర్థం కాని చోట ఖాళీ వదిలి గుర్తు పెట్టడం.

స్పీచ్ రికగ్నిషన్, అంటే మాటను విని అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్, వచ్చి టైపు చేయడం తీసుకుంది. అమర్చడంలో సగం తీసుకుంది. మిగిలినవి నాకే ఉన్నాయి, పైగా అవి కష్టమైనవి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక రాత్రి నా తెర మీదికి యంత్రం టైపు చేసిన నోటు వచ్చింది. రోగికి హైపర్‌టెన్షన్ అని ఉంది, అంటే రక్తపోటు ఎక్కువ. రెండు లైన్ల కింద రక్తపోటు 80/50 అని ఉంది. అది ప్రమాదకరంగా తక్కువ. ఆడియో నాలుగుసార్లు విన్నాను. డాక్టరు అన్నది హైపోటెన్షన్. ఒక్క అక్షరం ఇటైతే మందు అటవుతుంది. సెలెబ్రెక్స్, సెలెక్సా, సెరెబిక్స్ అనే మూడు మందులు కూడా ఇలాగే వినిపిస్తాయి. ఒకటి నొప్పికి, ఒకటి మానసిక కుంగుబాటుకు, ఒకటి మూర్ఛకు. మిగతా నోటు చదివి, రోగికి ఏ జబ్బు ఉందో చూసి, ఏ మందో తేల్చుకోవాలి.

జాబితాలో ప్రతి పనికీ ఎదురుగా రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ పని ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందా, రోజుకో రకంగా ఉంటుందా? దీన్ని ఫైలుగా మార్చి వేరే దేశానికి పంపవచ్చా? ఒకే తీరుగా ఉండేది యంత్రానికి పోతుంది. ఫైలుగా మారేది చవకగా చేసే ఊరికి పోతుంది. రెండూ అయినది మొదట వేరే ఊరికి, ఆ తర్వాత యంత్రానికి పోతుంది. నా టైపు పని సరిగ్గా అలాగే పోయింది: అమెరికా నుంచి హైదరాబాద్‌కూ మనీలాకూ, అక్కడి నుంచి సర్వరులోకి.

మూడో ప్రశ్న కూడా ఒకటి ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. పని చవకైతే జనం దాన్ని ఎక్కువగా అడుగుతారా? అమెరికాలో ఏటీఎంలు వచ్చాక కూడా బ్యాంకు టెల్లర్ల సంఖ్య కొన్ని దశాబ్దాల పాటు తగ్గలేదు. ఒక్కో శాఖను తక్కువ మందితో నడపగలిగేసరికి బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి. మా పనిలో అలాంటి అవకాశం లేదు. నోటు రాయడం చవకైందని ఆసుపత్రికి రోగులు పెరగరు. గిరాకీ పెరిగే పని అయితే యంత్రం వచ్చినా కొంతకాలం భయం లేదు, పెరగనిదైతే వెంటనే తర్వాతి లెక్కలోకి దిగండి.

గంటకు ఎంత పడిందో కట్టండి

2006లో నాకు లైనుకు 80 పైసలు. ఈ వృత్తిలో లైను అంటే ఖాళీలతో కలిపి 65 అక్షరాలు. రోజుకు 8 గంటల్లో 800 లైన్లు చేసేదాన్ని. నెలకు 25 రోజులు, 16,000 రూపాయలు. గంటకు 80.

2014కు వస్తే పని పేరు మారింది. టైపింగ్ కాదు, ఎడిటింగ్. యంత్రం రాసినదాన్ని దిద్దాలి. లైనుకు 40 పైసలు. "రేటు సగమైనా మీరు రెట్టింపు చేయగలరు" అన్నారు. నేను రోజుకు 10 గంటలు కూర్చుంటే 1,400 లైన్లు అయ్యాయి. నెలకు 14,000. బ్యాంకు పుస్తకంలో చూస్తే 2,000 తగ్గినట్టే అనిపిస్తుంది. గంటకు కడితే 56.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి, కొత్త రేటు చెప్పగానే అక్కడికక్కడే వేసుకోవచ్చు. పాత రేటును గంటకు చేసే పాత లెక్కతో గుణించి, గంటకు చేయగలిగే కొత్త లెక్కతో భాగించండి. నా విషయంలో 80 పైసలు, గంటకు 100 లైన్లు, యంత్రం వచ్చాక గంటకు 140 లైన్లు. జవాబు 57 పైసలు. అంటే 57 ఇస్తే నేను పాత చోటే ఉంటాను, అంతకన్నా ఎక్కువ ఇస్తే యంత్రం లాభంలో నాకూ కొంత వచ్చినట్టు, తక్కువైతే లాభం మొత్తం పోగా నా పాత కూలిలోంచి కూడా పోయినట్టు. 40 పైసలు అన్న రోజున ఈ ఒక్క భాగహారం నా చేతిలో ఉంటే ఆ సమావేశంలో అడగడానికి నాకొక అంకె ఉండేది.

గంటలు లెక్కపెట్టేటప్పుడు నాన్నలాగా అన్నీ వేయండి. ఫైలు కోసం ఎదురుచూసిన గంట, సర్వరు ఆగిన గంట, వెనక్కి వచ్చినదాన్ని మళ్లీ చేసిన గంట. డెలివరీ చేసే పిల్లలైతే ఆర్డరు కోసం హోటలు ముందు నిలబడిన సమయం, బండి పెట్రోలు. మగ్గం దిగిన రోజు కూడా నేతలో భాగమే.

ధరలను లెక్కలోకి తీసుకోండి

2006 నాటి రూపాయి, 2014 నాటి రూపాయి ఒకటి కావు. దీనికి లేబర్ బ్యూరో ప్రతి నెలా ప్రకటించే పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ చూడాలి. కరువు భత్యం లెక్కగట్టేది దీంతోనే. 2001ని 100 అనుకుంటే 2006 జనవరిలో ఈ సూచీ 119. 2014 జనవరిలో 237. అంటే ఎనిమిదేళ్లలో ధరలు దాదాపు రెట్టింపు.

ఇప్పుడు 56ను 237తో భాగించి 119తో గుణించండి. 28 వస్తుంది. 2006లో గంటకు 80 రూపాయలు సంపాదించినదాన్ని, 2014లో, 2006 నాటి ధరల్లో చూస్తే, గంటకు 28 సంపాదిస్తున్నాను. పెన్ను కింద పెట్టి ఆ అంకె వైపు చాలాసేపు చూశాను. పెద్దవాడి స్కూలు ఫీజు ఎందుకు అందడం లేదో, నేను ఎక్కడ దుబారా చేస్తున్నానో అని అప్పటిదాకా నన్ను నేనే నిందించుకునేదాన్ని.

ఈ సూచీ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. 2020 సెప్టెంబరు నుంచి 2016ను 100గా తీసుకున్న కొత్త వరస వస్తోంది. కొత్త అంకెను పాతదానితో పోల్చాలంటే 2.88తో గుణించాలి. 2024 జనవరి అంకె 138.9, దాన్ని 2.88తో గుణిస్తే 400. అంటే 2006లో 16,000 జీతం ఉన్నవాళ్లకు 2024లో అదే బతుకు బతకడానికి సుమారు 53,800 కావాలి. మీరు చేరిన సంవత్సరం సూచీతో ఇలాగే కట్టండి. హైదరాబాద్, విశాఖపట్నం, గుంటూరు వంటి కేంద్రాలకు విడి అంకెలు కూడా ఇస్తారు. మీ ఊరికి దగ్గరగా ఉన్నది తీసుకుంటే ఇంటి లెక్కకు ఇంకా సరిగ్గా సరిపోతుంది.

జీతంతో పాటు పోయినవి కూడా ఇక్కడే చేర్చండి. 2012లో మమ్మల్ని ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. పిల్లలు చిన్నవాళ్లు, సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ కాగితాల్లో ఉద్యోగిని కాస్తా కన్సల్టెంటు అయ్యాను. ఏడాది చివర, జీతం మీద పన్ను కోతకు ఇచ్చే ఫారం 16 బదులు, జీతం కాని చెల్లింపులకు ఇచ్చే ఫారం 16ఎ వచ్చింది. ఆ ఒక్క "ఎ" అక్షరంలో నా పీఎఫ్ పోయింది. అప్పటి పరిమితి 6,500 మీద 12 శాతం చొప్పున సంస్థ వాటా నెలకు 780 రూపాయలు. కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ ఇకపై నావే. మీ ఫారం ఏదో ఈ రోజే తీసి చూడండి.

చివరి కొనుగోలుదారు ఇచ్చే రూపాయిలో మీ వాటా ఎంత

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేదీ ఇదే. 2006లో ఒక సమావేశంలో తెర మీద ఆసుపత్రి ఇచ్చే రేటు కనిపించింది: లైనుకు 9 సెంట్లు. డాలరు అప్పుడు 44 రూపాయలు. అంటే దాదాపు 4 రూపాయలు, నాకు వచ్చేది 80 పైసలు. నూటికి 20. 2014 నాటికి ఆసుపత్రి రేటు 6 సెంట్లకు దిగిందని మా టీమ్ లీడర్ చెప్పాడు. డాలరు 62. అంటే లైనుకు 3 రూపాయల 72 పైసలు. నాకు 40 పైసలు. నూటికి 11 కూడా లేదు.

ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి. ఆసుపత్రికి లైనుకు 3 సెంట్లు మిగిలాయి. మధ్యలో ఉన్నవాళ్లకు, అంటే అమెరికా ఏజెన్సీ, ఇక్కడి సంస్థ, సాఫ్ట్‌వేర్ యజమాని అందరికీ కలిపి, ముందు 3 రూపాయల 16 పైసలు మిగిలేది, ఇప్పుడు 3 రూపాయల 32 పైసలు. ఒక్కో మనిషి గంటకు చేసే లైన్లు 100 నుంచి 140 అయ్యాయి కాబట్టి వాళ్లకు మనిషికి, గంటకు మిగిలేది ఇంకా పెరిగింది. రూపాయి విలువ పడిపోవడం వల్ల వచ్చిన లాభం కూడా అక్కడే ఆగిపోయింది. యంత్రం మిగిల్చిన డబ్బు గాలిలో కలిసిపోలేదు, ఎవరి దగ్గరకు చేరిందో కాగితం మీద కనిపిస్తోంది. ఈ రంగంలో మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు పేరున్న న్యూయాన్స్‌ను మైక్రోసాఫ్ట్ సుమారు 1,970 కోట్ల డాలర్లకు తీసుకుంది, 2022 మార్చిలో ఆ కొనుగోలు పూర్తయింది. ఈ వృత్తిలో విలువ ఎక్కడ పేరుకుందో చెప్పడానికి నాకు తెలిసిన అతి పెద్ద అంకె అది.

అందరికీ తెర మీద రేటు కనిపించదు. వేరే దారులున్నాయి. మీ సంస్థ స్టాక్ మార్కెట్లో ఉంటే వార్షిక నివేదికలో మొత్తం ఆదాయం, ఉద్యోగుల ఖర్చు అని రెండు అంకెలు ఉంటాయి. ఐదేళ్లవి తీసి ఒకదాన్ని మరోదానితో భాగించండి. మార్కెట్లో లేని ప్రైవేటు కంపెనీల లెక్కలు కూడా కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో కొద్దిపాటి రుసుముతో చూడవచ్చు. నేతపని వాళ్లకు ఇంకా సులువు: మీరు నేసిన రకం చీర పట్నం దుకాణంలో ఎంతకు అమ్ముతున్నారో చూసి, మజూరీని ఆ ధరతో భాగించండి.

ఒక సందేహం వస్తుంది. మిగిలిన పని కష్టమైనది కదా, మరి దాని రేటు ఎందుకు తగ్గింది? నేనూ చాలాకాలం దీన్ని అన్యాయం అని మాత్రమే అనుకున్నాను. కూలి పని కష్టాన్ని బట్టి రాదు. ఆ పని చేయగలిగినవాళ్లు ఎంతమంది వరసలో ఉన్నారు, వాళ్లు కలిసి అడగగలరా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది. టైపింగ్ పోయేసరికి వేగంగా టైపు చేయలేనివాళ్లు కూడా ఈ వరసలోకి వచ్చారు. ఇళ్లలో విడివిడిగా కూర్చున్న మాకు ఒకరి రేటు మరొకరికి తెలియదు. హైపోటెన్షన్ పట్టుకున్నందుకు ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు, లైనుకే ఇస్తారు.

తీగ అవతలి చివర

ఈ లెక్క అక్కడితో ఆపితే అబద్ధం అవుతుంది. నేను చేరినప్పుడు ప్రతి డాక్టరుకూ ఒక సూచనల ఫైలు ఉండేది. ఒకదానిలో ఇలా రాసి ఉంది: ఈయన వాక్యం చివర గొంతు తగ్గిస్తాడు, మోతాదు అక్కడే చెబుతాడు, శబ్దం పెంచుకుని వినండి. శుక్రవారాలు కారులోంచి చెబుతాడు. అమ్మాయి పేర్లకు స్పెల్లింగ్ అడిగితే కోపం రాదు. ఎవరో ఏళ్ల తరబడి ఆ గొంతు విని, ఇష్టంగా రాసి పెట్టారు. ఎవరు రాశారని అడిగితే, ఆ ఆసుపత్రిలో మాకు ముందు ఆ పని చేసిన ఆమె అన్నారు. ఆసుపత్రి పని మాకు ఇచ్చాక ఆమెను తీసేశారు.

నా మొదటి జీతంతో జాండ్రపేట ఇంటికి రేకులు తీసి స్లాబు వేయడం మొదలుపెట్టాం. ఆ డబ్బు ఆమె జీతంలోంచి వచ్చింది. నా 80 పైసలు, ఆమెకు వచ్చేదానిలో చాలా చిన్న భాగం. మా ఇద్దరినీ ఒక కాగితం మీద పెడితే అసమానత తగ్గినట్టు కనిపిస్తుంది: పేదది పైకి వచ్చింది, తనకన్నా కలిగినామె కిందికి వచ్చింది. ఆ రెండింటి మధ్య మిగిలిన డబ్బు మాత్రం మా ఇద్దరి కాగితాల మీదా లేదు. కాబట్టి మీ పుస్తకంలో ఒక పేజీ ఈ ప్రశ్నకు ఉంచండి: ఈ పని నాకు రాకముందు ఎవరు చేసేవారు, ఎంతకు చేసేవారు? జవాబు దొరికితే తర్వాత మీ పని ఎటు పోతుందో కూడా ఊహకు అందుతుంది.

ఆ తర్వాత నేను దిద్దిన ప్రతి నోటునూ చూసి ఆ డాక్టరు యాసను యంత్రం నేర్చుకుంది. ఆమె నాకు ఫైలు రాసి ఇచ్చినట్టు, నేను యంత్రానికి నేర్పాను.

ప్రపంచ లెక్కలను చదివేటప్పుడు

మీ రెండు పేజీలు పూర్తయ్యాక పత్రికల్లో వచ్చే పెద్ద అంకెలు కూడా అర్థమవుతాయి. ముందు కాదు. సొంత లెక్క లేకుండా చదివితే ఏ అంకె చెబితే అది నిజమనిపిస్తుంది.

అన్నిటికన్నా పేరుపడిన బొమ్మ ఏనుగు గీత. క్రిస్టోఫ్ లాక్నర్, బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్తలు 1988 నుంచి 2008 దాకా ప్రపంచంలో ఎవరి ఆదాయం ఎంత శాతం పెరిగిందో గీశారు. నిరుపేదల నుంచి కోటీశ్వరుల దాకా అందరినీ వరసగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. వరస మధ్యలో ఉన్నవాళ్ల ఆదాయం 70 శాతానికి పైగా పెరిగింది, వాళ్లలో ఎక్కువమంది చైనా, ఇతర ఆసియా దేశాలవాళ్లు. అది ఏనుగు వీపు. నూటికి 80వ స్థానం చుట్టూ ఉన్నవాళ్లకు దాదాపు ఏమీ పెరగలేదు, వాళ్లలో ఎక్కువమంది సంపన్న దేశాల్లోని దిగువ మధ్యతరగతి. అది తొండం వంగిన చోటు. అందరికన్నా పైనున్న 1 శాతానికి మళ్లీ 60 శాతానికి పైగా పెరిగింది, పైకెత్తిన తొండం కొస అది. సూచనల ఫైలు రాసినామె ఉండే చోటు ఆ వంపు. నేను వీపు మీద.

దీన్ని చదవడంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. గీత శాతాలు చూపిస్తుంది, డబ్బు కాదు. నెలకు 5,000 వచ్చేవాడికి 70 శాతం పెరిగితే 3,500. నెలకు 50 లక్షలు వచ్చేవాడికి 60 శాతం పెరిగితే 30 లక్షలు. గీత మీద మొదటివాడే పైన ఉంటాడు. ఇక రెండోది: 1988లో ఆ స్థానంలో ఉన్న మనిషే 2008లోనూ అక్కడ ఉన్నాడని కాదు. గీత స్థానాలను పోలుస్తుంది, మనుషుల వెంట నడవదు.

దేశాల మధ్య తేడా, దేశం లోపలి తేడా అన్నవి కూడా వేరువేరు. 2000 తర్వాత చైనా, భారత్ పెరగడంతో దేశాల మధ్య తేడా తగ్గింది. దేశం లోపల చూస్తే, వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్క ప్రకారం 2022-23లో భారతదేశపు ఆదాయంలో 22.6 శాతం పైనున్న 1 శాతం జనానికి చేరింది, సంపదలో 40.1 శాతం వాళ్ల దగ్గర ఉంది. ప్రపంచీకరణ అసమానతను పెంచిందా, తగ్గించిందా అని ఎవరైనా వాదిస్తుంటే ఏ తేడా గురించి మాట్లాడుతున్నారని ముందు అడగండి. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

సగటు అంకె కనిపిస్తే ఆగండి. మా అంతస్తులో 40 మందికి 14,000 చొప్పున, మేనేజరుకు 2 లక్షలు అనుకుంటే సగటు 18,500 దాటుతుంది. ఆ అంతస్తులో సరిగ్గా అంత జీతం ఎవరికీ లేదు. వరసలో సరిగ్గా నడిమి మనిషి ఆదాయం ఎంత అని వెతకండి.

లాభం పల్చగా అందరికీ పరుచుకుంటుంది, నష్టం ఒకచోట కుప్పపడుతుంది. ఇది నేను అంకెల్లో చదివేముందే జాండ్రపేటలో చూశాను. 1999 నుంచి 2011 మధ్య చైనా దిగుమతుల వల్ల అమెరికాలో పోయిన ఉద్యోగాలు 20 నుంచి 24 లక్షల మధ్య ఉంటాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. దేశం మొత్తానికి చవక వస్తువులు అందాయి, ఉద్యోగాలు మాత్రం నార్త్ కరోలినాలోని ఫర్నిచర్ పట్టణాల వంటి కొన్ని చోట్ల ఊళ్లకు ఊళ్లు పోయాయి. మనకు పవర్‌లూమ్ చీర చవకైంది, అందరూ కొనుక్కున్నారు. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు, ఇప్పుడు 11. 2019-20 చేనేత గణన చూస్తే నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు నెల ఆదాయం 5,000 రూపాయలకు లోపే. మా వీధిలో మగ్గాల చప్పుడు ఏ ఇంట్లో ఆగిందో నేను పేరు పేరునా చెప్పగలను.

లెక్క తేలాక చేయవలసినవి

ముందుగా, రేటు తగ్గే ఏడాదికి ముందే కనిపించే గుర్తులు. పనికి కొత్త పేరు పెడతారు. "ఇది తాత్కాలికం" అంటూ రెండు రేట్లు పక్కపక్కన నడుపుతారు. మీరు పని ఎలా చేస్తారో విడమరిచి రాసి ఇమ్మంటారు. లక్ష్యం పెంచుతారు గాని కారణం చెప్పరు. ఫారం మారుతుంది. వీటిలో రెండు ఒకే ఏడాది కనిపిస్తే ఆ నెల నుంచే దాచుకోవడం పెంచండి. కొత్త అప్పు, ముఖ్యంగా ఇంటి అప్పు, ఆ ఏడాది వద్దు.

పోల్చుకోండి. మేము 11 మందిమి ఒక వాట్సాప్ గుంపు పెట్టుకుని, ఎవరి రేటు ఎంతో, గంటకు ఎంత పడుతోందో రాసుకున్నాం. ఒకే పనికి 36 నుంచి 48 పైసల దాకా తేడా ఉంది. ఆరుగురం కలిసి ఒకే ఉత్తరం రాశాం, 57 పైసల లెక్క అందులో పెట్టాం. 57 రాలేదు. అందరికీ 48 వచ్చింది. ఒక్కొక్కరమే అడిగినప్పుడు అది కూడా రాలేదు.

పక్క పనికి మారడం గురించి. నైపుణ్యం పెంచుకోండి అని గాలిలో చెప్పే సలహా నాకు నచ్చదు. మొదటి మెట్టులో రాసిన జాబితాకు వెళ్లండి. యంత్రం తీసుకోని పనులకు గీత పెట్టి, అవే ప్రధానంగా ఉండే ఉద్యోగం ఏదో వెతకండి. నాకు మిగిలినవి మందుల పేర్లు, జబ్బుల తెలివిడి, పొసగని మాట పట్టుకోవడం. అవి మెడికల్ కోడింగ్‌కు కావలసినవే. అమెరికా 2015 అక్టోబరు 1న కొత్త వ్యాధి కోడ్ల పద్ధతికి మారింది. అంతకుముందు సుమారు 14,000 ఉన్న కోడ్లు సుమారు 69,000 అయ్యాయి. హైదరాబాద్‌లో కోడర్లకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఆ మార్పు తేదీ ముందే ప్రకటించినది. మీ రంగంలో ఇలా తేదీ పడిన నియమాలు, కొత్త చట్టాలు ఏమున్నాయో చూడండి, యంత్రం వార్తలకన్నా అవి నమ్మదగినవి. కోడింగ్‌లోకి కూడా యంత్రం వచ్చింది. అందుకే ప్రతి జనవరిలో పుస్తకం తీసి అవే లెక్కలు మళ్లీ కడతాను.

పోయిన నెల మా అన్నయ్య కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. "అత్తా, ఇంట్లో కూర్చుని చేసే పని వచ్చింది, పెట్టెకు 30 పైసలు" అంది. రోడ్డు ఫోటోల్లో కారు, ఆటో, మనిషి చుట్టూ పెట్టెలా గీత గీసి పేరు పెట్టాలి. డ్రైవరు లేని కార్లకు నేర్పడానికట. నేను వద్దనలేదు, చేయమనీ అనలేదు. గంట అలారం పెట్టి చేయమన్నాను. 83 పెట్టెలు గీసింది. 9 తిరస్కరించారు. మిగిలినవి 74, వచ్చింది 22 రూపాయల 20 పైసలు. బజారులో బట్టల కొట్టులో ప్యాకింగ్ చేసే తన స్నేహితురాలికి గంటకు 45 పడుతుంది. 45ను 74తో భాగిస్తే 61 పైసలు. పెట్టెకు 60 పైసలు కావాలని, తిరస్కరించినవాటికి కారణం చెప్పాలని తనే ఉత్తరం రాసింది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. 38 పైసలు ఇస్తారట, కారణాలు చెబుతారట. 38ని 74తో గుణించి, 28 రూపాయల 12 పైసలు అని రాసి, పక్కన తేదీ వేసింది. ఇంకా ఒప్పుకోలేదు. కాలేజీలో ఇదే పని చేస్తున్న మరో ముగ్గురిని, వాళ్లకు పెట్టెకు ఎంత ఇస్తున్నారో అడగడానికి వెళ్లింది.